మా చెల్లెలి నీళ్ళు తాగిన ములక

బెంగుళూరు పోయి వచ్చినప్పటి నుంచి మా ఇంటి అరుగు ఖాళీగా ఉండటం లేదు. వచ్చిన ప్రతి ఆడమనిషీ అదే అడుగుతుంది. మీట నొక్కితే దీపాలు వెలుగుతాయట కదా, దొరసానులు సైకిళ్ళు తొక్కుతారట కదా అని. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పటానికి నాకు తీరిక లేదు, ఇంట్లో పని ఉంది. రెండో తరగతి పుస్తకం సగంలో ఉండగా నన్ను బడి మాన్పించారు, అయినా రాయడం మరిచిపోలేదు. అందుకని ఒక్కసారే రాసిపెడుతున్నాను. చదవటం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు వినిపించండి. నేను ఊరు చూడటానికి పోలేదు. రాజుగారి మేడ ఎట్లా ఉందని మాత్రం నన్ను అడగొద్దు, చూడలేదు.

హిందూపురం

మా చెల్లెలు ఓబుళమ్మను బెంగుళూరు కబ్బన్‌పేటలో మగ్గాలవాళ్ళ ఇంటికి ఇచ్చారు. మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే. దాని మొగుడు పోయినప్పుడు చూసిందే, మళ్ళీ చూడలేదు. యుద్ధం వచ్చినప్పటి నుంచి రైళ్ళలో సిపాయిలే నిండిపోతున్నారు కదా, పోదామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. నూలు కోసం తిరిగే షావుకారు ఒకడు ఈమధ్య మా ఊరికి వచ్చి చెప్పాడు, ఓబుళమ్మకు ఉబ్బసం ముదిరిందని, వీపు నేలకు ఆనించి చాన్నాళ్ళయిందని, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తుందని. ఆ మాట విన్నాక ఇక ఆగలేదు.

ఉబ్బసానికి మా అమ్మ దగ్గర ఒక మందు ఉండేది. అది నాకు వచ్చింది. ములక వేరు కషాయం. ములక ఎరగనివాళ్ళు మన ఊళ్ళో లేరు. నడుమెత్తు పొద, కాడకు ముళ్ళు, ఆకు ఈనెకు కూడా ముళ్ళు, ఊదారంగు పూలు, గోలీల వంటి పచ్చని కాయలు. మేకలు కూడా చుట్టు తిరిగిపోతాయి. ఆ వేరుతో ఎంతోమందికి ఊపిరి నిలబెట్టాను, ఎవరి దగ్గరా చిల్లికానీ ముట్టలేదు.

అయితే ఆ మందుకు నియమాలు ఉన్నాయి. రోగి ఏ నీళ్ళు తాగుతున్నాడో ఆ నీళ్ళే తాగి పెరిగిన పొద నుంచి వేరు తీయాలి. వేరు చేతికి వచ్చింది మొదలు రోగి మొదటి గుటక మింగేదాకా మందిచ్చే మనిషి నోరు విప్పకూడదు. గుటక పడిన తరువాత ఆ గడపలో మెతుకు ముట్టకుండా, పోయొస్తానని కూడా చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి. అమావాస్య దాటేదాకా రోగి మొహం చూడకూడదు, మాట కలపకూడదు, ఎట్లా ఉందని ఎవరినీ అడగకూడదు. ఊళ్ళో అయితే ఇదేమీ కష్టం కాదు. ఇరుగుపొరుగుకు ఇచ్చి కొన్నాళ్ళు వేరే వీధిలో నడిస్తే చాలు. తోడబుట్టినదానికే ఇవ్వవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

నీళ్ళ నియమం వల్ల ఇక్కడి వేరు పనికిరాదు. చిన్న గునపం, పిప్పళ్ళు, శొంఠి, బెల్లం, దారిలో తినటానికి కొన్ని సద్దరొట్టెలు, చెల్లెలికని కొర్రలు మూట కట్టుకున్నాను. ములక లేని ఊరు ఒకటి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. మా పెద్దవాడు తోడు వస్తానన్నాడు. ఒక మనిషి పోయే పనికి రెండు టిక్కెట్లు ఎందుకని వద్దన్నాను. బండి కదిలిన తరువాత, వాణ్ణి రమ్మనవలసిందేమో అనిపించింది. అప్పటికి హిందూపురం బెల్లం మండీల కప్పులు కూడా కనబడకుండా పోయాయి.

గౌరిబిదనూరు

ఇక్కడ మైసూరు రాజ్యంలోకి వచ్చేస్తాం. ధాన్యం అటూ ఇటూ పోకూడదని యుద్ధకాలపు కట్టడి. టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఆడవాళ్ళ పెట్టెలోకి వచ్చి అందరి మూటలూ పొడిచి చూశాడు. నా ఎదుట ఉన్నామె పిల్లవాడి పొత్తిగుడ్డల కింద దాచిన బియ్యం దొరికింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు, నిద్ర వచ్చినట్టు కిటికీకి తల ఆనించుకుంది. నా కొర్రలు చేతిలోకి తీసుకుని ఇవేమిటని అడిగాడు. పిట్టలు తినేవి అని చెప్పాను. కాగితంలో బియ్యం, రాగులు, గోధుమలు ఉన్నాయి కానీ కొర్రలు లేవట, వదిలేశాడు. గునపం చూసి మాత్రం చాలాసేపు ఆలోచించాడు.

అక్కడ కాఫీ ఒక లోటా అణా. మన హిందూపురంలో అణాకు కాఫీతోపాటు లోటా కడిగిన నీళ్ళయినా వెచ్చగా ఉంటాయి. ఇక్కడ రెండూ చల్లనివే. చక్కెర కరువట, బెల్లం వేశారు. నాకు బెల్లమే ఇష్టం కాబట్టి ఏమీ అనలేదు.

కబ్బన్‌పేట

స్టేషను బయట జట్కావాళ్ళు చెప్పిన ధరకు నేను ఇంకో ఊరికి పోగలను. నడిచాను. దారి అడిగితే సగంమంది తెలుగులోనే చెప్పారు. ఆ పేటలోకి అడుగు పెట్టేసరికి ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో వేలు పెట్టే సందు లేదు, వీధంతా రాళ్ళు.

ఓబుళమ్మ ఊపిరి గడప దగ్గరికే వినబడింది. చుట్టిన పరుపు ఒడిలో పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఉంది. ఈల వేసినట్టు ఊపిరి లోపలికి పోతోంది, బయటికి రావటానికి మాత్రం తన్నుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను. నా చేతిలోని గునపం చూసిన వెంటనే దానికి తెలిసిపోయింది. ఒక్కొక్క మాటకూ ఒక ఊపిరి ఖర్చు పెడుతూ చెప్పింది.

"మందు వద్దక్కా. కూచో."

"మందుకే వచ్చినాను ఓబుళీ."

"మందిస్తే పోతావు గదా."

మూట దించి పక్కన కూర్చున్నాను.

దాని కొడుకు నారాయణ మగ్గం మీద నుంచి లేచి వచ్చి కాళ్ళకు మొక్కాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోయాడట, డాక్టరు మంచివాడేనట. సూది వేస్తే ఆ పూటకు తగ్గుతుంది, సూదిమందు మాత్రం యుద్ధం వల్ల దొరకటం లేదు. కోడలు రత్నమ్మ నాకు సంగటి పెట్టింది. అక్కడివాళ్ళ ముద్ద మన ముద్దలో సగం ఉంటుంది, పులుసు మాత్రం రెండింతలు పోస్తారు. పులుసులో కొబ్బరి వేస్తారు. కొబ్బరి లేకుండా కూడా పులుసు అవుతుందని చెప్పాను. "అవుతుంది పెద్దత్తా, తినేవాళ్ళు ఉండరు" అంది. పనిమంతురాలే.

మరునాడంతా చెల్లెలి పక్కనే కూర్చున్నాను. అది అడిగింది అంతే కదా. మా అమ్మ జొన్నలు విసిరేటప్పుడు మేమిద్దరం తిరగలి పిడి కోసం కొట్లాడుకున్నది, పెద్దన్న తేలు కుట్టిందని అబద్ధం చెప్పి బడి ఎగ్గొట్టింది, అన్నీ నేనే చెప్పాను. అది తల ఊపుతూ వింది. దాని కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి, ఊపిరి మాత్రం పూటపూటకూ దిగజారింది. పొద్దు వాలేసరికి పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. మందు ఇచ్చి పోతే ఇది బతికి ఉంటుంది. కూర్చుంటే, కూర్చున్నదాని ఎదుటే పోతుంది. లేచి గునపం తీసుకున్నాను. ఓబుళమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

నల్లి నీళ్ళు

ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఆ రాళ్ళ వీధుల్లో ములక కాదు కదా, గరిక కూడా లేదు. సరే, ఎక్కడో ఉంటుందిలే అనుకుని, చెల్లెలు తాగే నీళ్ళు ఏ బావివో చెప్పమన్నాను. బావి కాదు, నల్లి అన్నారు. కొళాయిని అక్కడ నల్లి అంటారు. మన వైపు నల్లి మంచంలో ఉంటుంది, అక్కడ వీధి మూలన ఉండి నీళ్ళిస్తుంది. ఆ నల్లిలోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే రత్నమ్మ, "పొద్దున వస్తాయి" అంది. నారాయణ, గొట్టంలోంచి వస్తాయన్నాడు. ఆ గొట్టం ఎక్కడిదని అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాగుతున్న నీళ్ళు ఏ చెరువువో వాడికి తెలియదు. మన ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెబుతుంది.

మరునాడు పొద్దున నల్లి దగ్గర బిందెల వరసలో నిలబడి ఒక్కొక్కరినే అడిగాను. రాజుగారిచ్చే నీళ్ళన్నారు. మునిసిపాలిటీ నీళ్ళన్నారు. ఒకామె దేవుడిచ్చే నీళ్ళని దండం పెట్టింది. చివరికి యలహంక నుంచి పాలు తెచ్చి అమ్మే ఒక తెలుగామె చెప్పింది, హెసరఘట్ట అని పెద్ద చెరువు ఉందని, ఆ నీళ్ళే కాలవలో, గొట్టాల్లో ఇంత దూరం వస్తాయని. ఇప్పుడు ఇంకో కొత్త చెరువు నీళ్ళు కూడా కలుపుతున్నారట. నేను లెక్క వేసుకున్నాను. ఓబుళమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి తాగింది పాత నీళ్ళే కాబట్టి హెసరఘట్టే. అక్కడ ములక ఉంటుందా అని అడిగాను. కాయలు చేత్తో చూపిస్తే, "గుళ్ళ గదా, అదేం కరువు, ముళ్ళే గదమ్మా" అని నవ్వింది. ములకను అక్కడ గుళ్ళ అంటారు.

నారాయణ వస్తానన్నాడు. మగ్గం మీద నేత ఉంది, ఇంట్లో తల్లి అట్లా ఉంది. వద్దన్నాను.

హెసరఘట్ట

పెట్రోలు సిపాయిలకే చాలటం లేదట, అందుకని అక్కడ బస్సులు బొగ్గుతో నడుపుతున్నారు. బస్సు వెనక ఒక పెద్ద కుంపటి కట్టి ఉంటుంది. ఒకడు తిత్తి ఊది దాన్ని రాజేస్తాడు, పొగ అంతా వెనక కూర్చున్న ఆడవాళ్ళకు వస్తుంది. ఎత్తు వచ్చినచోట అందరూ దిగి తొయ్యాలి. డబ్బులిచ్చి ఎక్కినవాళ్ళం ఎందుకు తొయ్యాలని నేను అడిగాను. "తొయ్యకుంటే ఈడనే ఉండవ్వా" అన్నాడు కండక్టరు. తోశాను.

జాలహళ్ళి దగ్గర కనుచూపు మేర ఇనప ముళ్ళ కంచె. లోపల ఇటలీ దేశపు ఖైదీలట, మోకాళ్ళ దాకా లాగులు తొడుక్కుని ఎండలో గుంపులుగా నిలబడి ఉన్నారు. బస్సును చూసి కొందరు చేతులు ఊపారు. బస్సులో ఎవరూ తిరిగి ఊపలేదు. వాళ్ళకూ ఎక్కడో అక్కచెల్లెళ్ళు ఉండి ఉంటారు. నేను కూడా ఊపలేదు, చేతిలో గునపం ఉంది.

హెసరఘట్ట చెరువు చూస్తే మన చెరువులన్నీ గుంటలే. గాలికి అలలు లేస్తున్నాయి, అవతలి గట్టు సరిగా ఆనదు. మనిషి అలికిడి లేదు. ఈ నీళ్ళా ఆ రాళ్ళ వీధి మూలన బొట్టుబొట్టుగా రత్నమ్మ బిందెలో పడేది అనుకుంటే నమ్మబుద్ధి కాలేదు. కట్ట కింద తేమలో కావలసినంత ములక ఉంది. గునపం ఎత్తేసరికి కావలివాడు కేకలు వేసుకుంటూ వచ్చాడు. కట్ట దగ్గర గుంత తవ్వితే తన ఉద్యోగం పోతుందట. కన్నడంలో వాడు, తెలుగులో నేను కొంతసేపు వాదులాడాము. చెల్లెలి ఊపిరి ఎట్లా ఉందో నేనే పీల్చి చూపించాను. వాడు కట్టకు దూరంగా, మిగులు నీళ్ళు పారే వాగు ఒడ్డున ఒక పొద చూపించాడు. తవ్విన మట్టి మళ్ళీ పూడ్చి తొక్కి పొమ్మన్నాడు. నీళ్ళు అవే కదా, సరే అన్నాను.

పొద మొదట్లో పసుపు, నాలుగు గింజలు వేసి, నీతో పని పడింది తల్లీ అని చెప్పాను. అదే ఆఖరి మాట. వేరు లోతుకు పోయి ఉంది. లాగుతుంటే కాడ తిరగబడి కుడి అరచేతిలో ముల్లు దిగి లోపలే విరిగింది. అబ్బా అనటానికి కూడా లేదు. వేరు వచ్చింది, కడిగి కొంగులో చుట్టుకున్నాను.

మాట్లాడని బస్సు

నోరు విప్పకూడదని ముందే తెలుసు కాబట్టి, కావలసిన చిల్లర విడిగా ముడి వేసుకుని ఉన్నాను. కండక్టరు ఎక్కడికని అడిగితే పట్నంవైపు చెయ్యి చూపించి డబ్బులు పెట్టాను. వాడు పొద్దున నన్ను దిగి తొయ్యమన్నవాడు కాదు, వేరేవాడు. మూగ అనుకుని మంచిగా ముందు సీటులో కూర్చోబెట్టాడు. ఎవరో నా ఒళ్ళో అరటిపండు పెట్టారు. నోరుంటే ఇంత మర్యాద జరిగేది కాదు.

నా పక్కన నడివయసు ఆమె కూర్చుంది. కొంత దూరం పోయాక నా వైపు వంగి, "నీకు మాట రాదు గదా అవ్వా" అని అడిగింది. నేను ఎటూ తల ఊపలేదు. అప్పుడు మెల్లగా చెప్పటం మొదలుపెట్టింది. మొగుడు కూలిదళంలో చేరి బర్మా వైపు పోయాడట. పోయిన కోతల నుంచి జాబు లేదు, డబ్బు లేదు. అత్త ఇప్పటికీ రోజూ వాడి వంతు ముద్ద తీసి మూకుడు కింద పెడుతుందట, పొద్దున దాన్ని ఈమే తినాలట. "ఆయప్ప రాడని నాకు తెలిసిపాయె అవ్వా. యాడా అనలేదు నేను ఈ మాట. ముద్ద తింటా ఉండా, అంతే." ఇంకా చాలా చెప్పింది, అది ఆమె సొంతం, రాయను. తన ఊరి దగ్గర లేచి నిలబడి నా భుజం తట్టి దిగిపోయింది.

నేను మాటలు పొదుపుగా వాడే మనిషినని మీకందరికీ తెలుసు. ఆ పూట ఒక్క మాట ఖర్చు పెట్టటానికి ఉంటే బాగుండునని అనిపించింది.

దీపాలు పెట్టే వేళకు కబ్బన్‌పేట చేరాను. విమానాల భయానికి వీధి దీపాలకు నల్ల గుడ్డలు చుట్టి ఉన్నాయి. రత్నమ్మ నా మూసిన నోరు చూసి, ఏమీ అడగకుండా పొయ్యి విడిచి పక్కకు నిలబడింది. వేరు దంచి, శొంఠి, పిప్పళ్ళు వేసి, నీళ్ళు సగానికి సగం ఇగిరేదాకా కాచాను. ఓబుళమ్మ గిన్నెవైపు చూడలేదు. నా మొహంలోకే చూస్తూ కూర్చుంది, తాగాక అది మళ్ళీ దొరకదన్నట్టు. గిన్నె పెదవికి ఆనించినప్పుడు నా మణికట్టు పట్టుకుంది. తాగనని తోస్తుందేమో అనుకున్నాను. పట్టుకునే ఉండి, తాగింది. గుటక గొంతులో దిగటం చూశాను. నోరు విప్పటానికి నాకు అధికారం వచ్చిన గడియకే, దానితో మాట్లాడే అధికారం పోయింది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని, మూట తీసుకుని గడప దాటాను.

నారాయణ వీధిలోకి వచ్చాడు. "ఇంత దూరం వచ్చి ఇట్ల పోతే ఎట్ల పెద్దమ్మా? వెనక గదిలో ఉండు, అమ్మకు కనబడవద్దు."

"ఆ గది గోడకు అవతలే గదా మీయమ్మ ఉండాది. నేను మనిషినే నారాయణా, రాయిని కాదు. మిగిలిన వేరు దినమూ కాచి తాగించు. నన్ను అడగొద్దు, నాకు చెప్పొద్దు."

వాడు స్టేషను దాకా నా వెనక దూరంగా నడుస్తూనే వచ్చాడు.

స్టేషను ఎదుటి సత్రం

ఆ రోజూ ఆ మరునాడూ బండ్లన్నీ సిపాయిలకే. మామూలు మనుషులకు టిక్కెట్లు లేవు. స్టేషను ఎదుట ధర్మసత్రంలో చోటు దొరికింది. ఉండటానికి డబ్బు తీసుకోరు, దీపానికీ నీళ్ళకూ కూడా తీసుకోరు. ఎవరో పుణ్యాత్ములు కట్టించారు. అక్కడ తల దాచుకున్నవాళ్ళంతా ఎక్కడికో పోవలసినవాళ్ళు. నాకు మాత్రం పోవలసిన ఇల్లు నడిచేంత దూరంలోనే ఉంది. ఊళ్ళో ఎవరూ లేకపోతే ఒంటరితనం అంటారు. ఉండి పోకూడకపోతే ఏమంటారో నాకు తెలియదు.

ములక ముల్లు అరచేతిలో ఎర్రగా పొంగింది. కుడిచేతిలో దిగిన ముల్లును ఎడమచేత్తో తీసుకోవటం నాకు చేతకాలేదు. ఇంట్లో అయితే మనవరాలు ఒళ్ళో చెయ్యి పెట్టుకుని తీసేది. ఎదుటి స్తంభం దగ్గర ఉన్న అరవ ముసలామె నా అవస్థ చూసి లేచి వచ్చింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. పిన్నీసు పెట్టి ముల్లు పైకి లేపి, సున్నం రాసి, తన చోటికి తాను వెళ్ళిపోయింది. సత్రంలో ఉన్న రెండు దినాల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. నా దగ్గరున్న బెల్లంలో సగం ఇచ్చాను, తీసుకుంది.

రెండో రోజు సాయంత్రం కాళ్ళు ఊరుకోలేదు. కబ్బన్‌పేట వీధి మొగదల నల్లి దాకా పోయాను. మొహం చూడకూడదు కానీ వీధి చూడకూడదని లేదు. ఊపిరి వినబడుతుందేమోనని చెవి పెట్టాను. అన్ని మగ్గాల చప్పుడులో ఒక్క మనిషి ఊపిరి ఎట్లా వినబడుతుంది? రత్నమ్మ బిందె నింపుకుని పోతోంది. నడక తొందరగా ఉందా నెమ్మదిగా ఉందా అని చూశాను. ఆమె ఎప్పుడూ తొందరగానే నడుస్తుంది. ఏమీ తెలియలేదు. తిరిగి వచ్చి సద్దరొట్టె నీళ్ళలో నానబెట్టుకుని తిన్నాను.

మరునాడు పొద్దున నారాయణ ఎక్కడో బతిమాలి తెచ్చిన టిక్కెట్టు నా చేతిలో పెట్టాడు. ఏదో చెప్పటానికి నోరు తెరిచాడు. చెయ్యి అడ్డం పెట్టాను. వాడి మొహంలో చదువుదామన్నా, తల వంచుకుని పోయాడు.

ప్లాట్‌ఫారం

బండి ఆలస్యం. సిపాయిల బండి ఒకటి ముందు పోవాలట. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ కూర్చునే పొడుగు బల్ల ఉంది, మధ్యలో వీపు ఆనించే చెక్క. ఒకవైపు నేను కూర్చున్నాను. నా పక్కన బొరుగుల గంప దించుకుని ఒకామె కూర్చుంది.

కొంతసేపటికి చెక్కకు అవతలివైపు ఎవరో మెల్లగా కూర్చున్నారు. "రవ్వంత జరగమ్మా" అన్నారు. ఆ గొంతు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నారాయణ దూరంగా కొళాయి దగ్గర నిలబడి, మమ్మల్ని ఎరగనట్టు పట్టాలు చూస్తున్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

ఓబుళమ్మ తన పక్కనున్నామెను యాడికి పోతాండావని అడిగింది. ఆమె గుంతకల్లు అంది. మా అక్కా ఆ పక్కకే పోతాండాది అని చెప్పింది ఓబుళమ్మ.

"మీయక్కను పంపను వచ్చినావా?"

"లేదమ్మా. మాయక్కకూ నాకూ అమావాస్య దాకా మాటల్లేవు."

"అయ్యో, జగడమా?"

"జగడమే. వద్దంటే వినకుండా మందిచ్చి పాయె." ఇంత మాట చెప్పి కొంచెం ఆగింది. ఊపిరి కోసం ఆగిందని భయపడ్డాను. కాదు. "రాత్రి పండుకుంటి తల్లీ. చాప మీద, వీపు ఆనించి. తెల్లారేదాకా."

నాకు పట్టాలు మసకగా కనబడ్డాయి. బొరుగులామె వైపు తిరిగాను. "చూడమ్మా, తగ్గిందని మందు ఆపకూడదు. వేరు అయిపోయేదాకా తాగాల. చల్లనీళ్ళు ముట్టుకోకూడదు" అన్నాను, కొంచెం గట్టిగా.

"నాకేం రోగం లేదవ్వా" అంది ఆమె.

చెక్కకు అవతల ఓబుళమ్మ గుంతకల్లామెతో, ఆ కషాయం మా అమ్మ కాచినంత చేదుగా ఉండాదని చెప్పింది. నేను బొరుగులామెతో, మా అమ్మ కాచింది ఇంకా చేదు, ఏడ్చుకుంటా తాగేవాళ్ళమని చెప్పాను. వెనక నవ్వు వినబడింది. నవ్వు వెంట దగ్గు వస్తుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రాలేదు. గుంతకల్లామె, బొరుగులామె ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంచెం దూరం జరిగారు.

కొర్రలు వేయించి జావ కాచుకోవాలని, పొగ దగ్గర కూర్చోకూడదని, కోడలు మంచిదని, కొబ్బరి ఒక్కటే దండగ అని, చెప్పవలసినవన్నీ బొరుగులామెకు చెప్పాను. అవతల నుంచి గుంతకల్లామెకు అన్నిటికీ జవాబులు అందాయి. ఇన్నేళ్ళలో మా చెల్లెలితో నేను ఇంతసేపు మాట్లాడలేదు.

బండి వచ్చింది. జనం తోసుకున్నారు. నేను లేచి, అణా బొరుగులు అడిగిన ధరకే కొన్నాను.

"అమావాస్య దాటినంక మళ్ళా వస్తాను" అన్నాను.

బొరుగులామె పొట్లం కడుతూ, "ఎవరికవ్వా చెప్తాండావు, నాకా?" అంది.

"నీకే."

ప్లాట్‌ఫారానికి అవతలివైపు కిటికీ పట్టుకుని కూర్చున్నాను. అటు బొగ్గు కుప్పలు, ఖాళీ పట్టాలు తప్ప ఏమీ లేవు. బండి కదిలేదాకా వాటినే చూశాను.